లేని మనిషికి లైసెన్సు: లిన్ హర్ష్‌మన్ లీసన్ కళాప్రస్థానం

క్లుప్తంగా: అమెరికన్ కళాకారిణి లిన్ హర్ష్‌మన్ లీసన్ 1970లలో లేని ఒక స్త్రీని కాగితాల మీద పుట్టించి, ఊళ్లో తిప్పారు. ఆ తర్వాత లేజర్ డిస్కు, వెబ్ కెమెరా, చాట్‌బాట్, డీఎన్‌ఏ అంటూ మాధ్యమాలు మారుస్తూ వచ్చారు. ఒక మనిషి ఉన్నట్టు ఎవరి రికార్డు చెబితే చెల్లుతుంది అన్న ప్రశ్న మాత్రం మారలేదు. మ్యూజియంలు ఆమెను గుర్తించడంలో చేసిన జాప్యానికి కారణాలు వెతికినా తేలేది దాదాపు ఇదే.

పేరు ఒకటి, బిరుదులు అరడజను

2022లో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెన్నాలే జ్యూరీ లిన్ హర్ష్‌మన్ లీసన్‌కు ప్రత్యేక ప్రశంస ప్రకటించింది. అంతకు ముందటి ఏడాది న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియం 'ట్విస్టెడ్' పేరుతో ఆమె ప్రదర్శన పెట్టింది. ఆ నగరంలో ఒక మ్యూజియం ఆమెకు ఒంటరి ప్రదర్శన ఇవ్వడం అదే మొదలు. అప్పటికి ఆమెకు 80 ఏళ్లు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక, రెండు దశాబ్దాల క్రితమే ఆమె తయారు చేయించిన చాట్‌బాట్ గురించి మళ్లీ చర్చ మొదలైంది.

ఆమె గురించి చదవబోతే మొదట ఎదురయ్యేది గందరగోళమే. ఒకరు పెర్ఫార్మెన్స్ ఆర్టిస్టు అంటారు, ఒకరు సినిమా దర్శకురాలు అంటారు. డిజిటల్ కళకు ఆద్యురాలని కొందరు, స్త్రీవాద చరిత్రకారిణి అని మరికొందరు. ఈమధ్య బయో ఆర్టిస్టు, అంటే జీవశాస్త్రాన్ని మాధ్యమంగా వాడే కళాకారిణి, అన్న మాట కూడా చేరింది. ఇవేవీ తప్పు కాదు. కాకపోతే ఏ ఒక్క పేరు పట్టుకున్నా మిగతా పని పక్కదారి పట్టినట్టు కనిపిస్తుంది. పనులను వరసగా పేర్చి చూస్తే పక్కదార్లు పెద్దగా లేవని తెలుస్తుంది.

ఊపిరి వినిపించే మైనపు ముఖాలు

1941లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టిన లిన్, 1960లలో కాలిఫోర్నియా చేరారు. 1965 ప్రాంతంలో గర్భిణిగా ఉన్నప్పుడు గుండె కండరాల జబ్బుతో ఆస్పత్రిలో చేరి, ఆక్సిజన్ టెంటులో వారాల తరబడి ఉండాల్సి వచ్చింది. తన ఊపిరి చప్పుడు తానే వింటూ గడిపిన ఆ కాలం నుంచి 'బ్రీతింగ్ మెషీన్స్' అనే శిల్పాలు వచ్చాయి. తన ముఖాన్నే మైనంతో పోతపోసి, విగ్గు తొడిగి, గాజుపెట్టెలో పెట్టి, లోపల టేప్ రికార్డర్ అమర్చారు. మనిషి దగ్గరికి రాగానే బొమ్మ ఊపిరి తీస్తుంది, దగ్గుతుంది, మాట్లాడుతుంది.

1972లో బర్క్‌లీలోని విశ్వవిద్యాలయ మ్యూజియంలో వీటిని పెడితే, శబ్దం చేసేది కళ కాదంటూ ప్రదర్శన మూసేశారు. ఇప్పుడు వింటే నవ్వొచ్చే కారణమే. కానీ అప్పటి మ్యూజియం వ్యవస్థ దృష్టిలో అది సహజం. శిల్పానికి ఒక విభాగం ఉంది, చిత్రానికి ఒక విభాగం ఉంది, టేప్ రికార్డర్ ఉన్న మైనపు ముఖాన్ని ఏ పద్దులో రాయాలో ఎవరికీ తెలియదు. పద్దు లేని వస్తువు జాబితాలోకి ఎక్కదు. ఈ అడ్డంకి ఆమెను దాదాపు నలభై ఏళ్లు వెంటాడింది.

మ్యూజియం వద్దంటే లిన్ హోటల్‌కు వెళ్లారు. 1973లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నార్త్‌బీచ్ ప్రాంతంలో పాతబడిన డాంటే హోటల్‌లో గది అద్దెకు తీసుకుని, మంచం మీద రెండు మైనపు బొమ్మలను పడుకోబెట్టి, ఊపిరి శబ్దం వినిపించేలా చేశారు. చుట్టూ ఆ గదిలో ఉండేవాళ్లవి అన్నట్టు బట్టలు, పుస్తకాలు, వాడిన సామాన్లు. చూడదలచినవాళ్లు కింద కౌంటర్లో తాళంచెవి తీసుకుని ఏ వేళైనా పైకి వెళ్లొచ్చు. కొన్ని నెలలు సాగాక ఒక సందర్శకుడు ఆ బొమ్మలను శవాలనుకుని పోలీసులను పిలిచాడు. పోలీసులు వచ్చి సామాన్లన్నీ పట్టుకుపోవడంతో ప్రదర్శన ముగిసింది.

ఇలాంటిదే 2004లో మరొకరికి నిజంగా ప్రాణసంకటమైంది. జీవశాస్త్ర పరికరాలతో కళ చేసే స్టీవ్ కర్ట్జ్ ఇంట్లో ఆయన భార్య నిద్రలోనే మరణించారు. సాయానికి వచ్చినవాళ్లు ఇంట్లో ఉన్న పెట్రీ డిష్‌లు (సూక్ష్మజీవులను పెంచే గాజు పళ్లేలు) చూసి అనుమానించారు, ఎఫ్‌బీఐ దిగింది. ఆ కేసు 2008లో గానీ కొట్టివేయబడలేదు. దానిపై లిన్ 2007లో 'స్ట్రేంజ్ కల్చర్' అనే సినిమా తీశారు. ఆధారాలు చూసి మనిషిని ఊహించుకునే వ్యవస్థ ఎంత తేలిగ్గా పొరబడుతుందో ఆమెకు డాంటే హోటల్ నాటి నుంచీ తెలుసు.

రాబర్టా బ్రెయిట్‌మోర్: ఐదేళ్ల జీవితం

ఆమె పనులన్నిటిలో ఎక్కువసేపు ఆగి చూడాల్సింది రాబర్టా దగ్గర. 1970ల మొదటి సగంలో రాబర్టా బ్రెయిట్‌మోర్ అనే యువతి బస్సు దిగి శాన్‌ఫ్రాన్సిస్కోకు వచ్చి డాంటే హోటల్‌లో దిగింది. ఆమెకు డ్రైవింగ్ లైసెన్సు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, క్రెడిట్ కార్డు ఉంది. తర్వాత సొంతంగా అద్దె ఇల్లు తీసుకుంది. బరువు తగ్గించే బృందాల్లో చేరింది, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లింది, ఆయన ఆమె గురించి నోట్సు రాశాడు. లేనిదల్లా ఆ యువతి ఒక్కతే. బంగారు రంగు విగ్గు, ప్రత్యేకమైన బట్టలు, ముఖం ఆకృతిని మార్చే మేకప్, వేరే నడక, వేరే చేతిరాతతో లిన్ ఆమెగా తిరిగారు.

రాబర్టా తోడుగా ఉండే రూమ్‌మేట్ కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చింది. జవాబిచ్చినవాళ్లను పార్కుల్లో, బహిరంగ స్థలాల్లో కలిసింది. దూరం నుంచి ఎవరో ఫొటోలు తీశారు. వచ్చినవాళ్లలో కొందరి ఉద్దేశాలు మంచివి కావు. శాండియాగోలో అయితే ఆమెను వ్యభిచార ముఠాలోకి లాగే ప్రయత్నం జరిగింది. అంటే ఆ కల్పిత స్త్రీ ఎదుర్కొన్న ప్రమాదాలు కల్పితం కాదు. ఆ ఊరికి కొత్తగా, ఒంటరిగా వచ్చిన ఏ ఆడపిల్లకైనా ఎదురయ్యేవే.

వేషం కట్టి వీధిలోకి వెళ్లడం మనకు కొత్త కాదు. పగటివేషగాడు అర్ధనారీశ్వరుడిగా బజారుకు వస్తే చూసేవాళ్లు ఆ నేర్పుకు ముచ్చటపడతారు, చివరికి అతను ఇల్లిల్లూ తిరిగి సంభావన అడుగుతాడు. వేషమని ఇరువైపులా తెలుసు. రాబర్టా ఏనాడూ సంభావన అడగలేదు. చూసేవాళ్లకు తాము ప్రేక్షకులమని తెలియదు. బ్యాంకు గుమాస్తా, వైద్యుడు, ప్రకటన చూసి వచ్చిన మనిషి తెలియకుండానే నటుల జాబితాలో చేరారు. ఈ పనిలోని బలం అదే, నైతికంగా ఇబ్బంది పెట్టేదీ అదే. ఎదుటివాళ్ల సమ్మతి లేకుండా వాళ్లను కళలో భాగం చేయవచ్చా అన్న ప్రశ్నకు రాబర్టా సూటిగా జవాబివ్వదు. ఈనాడు కంపెనీలు మన ముఖాలను, మాటలను అడక్కుండా తీసుకునే తీరు చూస్తే, ఆ ప్రశ్న అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ పదునుగా ఉంది.

రాబర్టాలో కళావస్తువు ఏది? లైసెన్సు, చెక్కులు, ఉత్తరాలు, వైద్యుడి నోట్సు, నిఘా ఫొటోల దగ్గర్నుంచి బట్టల దాకా రాబర్టా వదిలిన ఆనవాళ్లన్నీ కలిపితేనే ఆ కృతి. 1975 నాటి 'కన్‌స్ట్రక్షన్ చార్ట్'లో రాబర్టా ఫొటో మీద గీతలు గీసి, ఎక్కడ ఏ రంగు పూయాలో అంకెలు వేసి రాశారు. ఇల్లు కట్టే ప్లాను ఎలా ఉంటుందో అది అలాగే ఉంటుంది. ఆ చార్టు చేతిలో ఉంటే ఎవరైనా రాబర్టా కావచ్చు. నిజంగానే చివర్లో మరో ముగ్గురు స్త్రీలు రాబర్టాలుగా తిరిగారు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనలో రాబర్టా పోలికల పోటీ కూడా పెట్టారు. అదే ఏడాది ఇటలీలోని ఫెర్రారాలో భూతవైద్యం తరహా క్రతువు జరిపి రాబర్టా కథకు తెర దించారు.

లిన్ పోయి రాబర్టా మిగలడం, రాబర్టా పోయి కాగితాలు మిగలడం చూస్తే ఆమె వాదన అర్థమవుతుంది. వ్యవస్థల కంటికి ఆనవాళ్లే మనిషి. ఒంట్లో ప్రాణం ఉందా లేదా అన్నది వాటికి తర్వాతి సంగతి. దీనికి తిరగేసిన బొమ్మ మన పింఛనుదార్ల లైఫ్ సర్టిఫికెట్. కిటికీ ముందు నిలబడ్డ పెద్దాయన బతికే ఉన్నాడని ఏటా ధ్రువపత్రం చూపాలి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ దాన్ని వేలిముద్రకు, 2021లో వచ్చిన ముఖ గుర్తింపు సౌకర్యం ఫోన్ కెమెరాకు మార్చాయి. పని తేలికైంది. అయితే వయసుతో అరిగిన వేలిముద్రను యంత్రం పట్టకపోతే ఉన్న మనిషి రికార్డులో లేనట్టే. రాబర్టా లేకపోయినా రికార్డులో ఉంది.

లేని విమర్శకులు రాసిన సమీక్షలు

రాబర్టాకు ముందే ఈ సూత్రాన్ని లిన్ తన మీద తాను ప్రయోగించుకున్నారు. 1960ల చివర్లో, 70ల మొదట్లో ప్రూడెన్స్ జ్యూరిస్, హెర్బర్ట్ గూడ్, గే అబాండన్ అనే పేర్లతో కళావిమర్శలు రాసి పత్రికల్లో అచ్చేయించారు. ఆ ముగ్గురూ ఆమె సృష్టే. వాళ్లు ఆమె కళను కూడా సమీక్షించారు, అన్ని వేళలా మెచ్చుకోలేదు కూడా. ఆ కత్తిరింపులు పట్టుకుని గ్యాలరీలకు వెళితే తలుపులు తెరుచుకున్నాయి.

దీన్ని కొంటెపని అని కొట్టిపారేయవచ్చు. కానీ గ్యాలరీ నమ్మేది కళను చూసిన తన కళ్లనా, దాని గురించి అచ్చయిన నాలుగు వాక్యాలనా అన్నది ఈ ఒక్క ప్రయోగంతో తేలిపోయింది.

రిమోట్ ప్రేక్షకుడి చేతికి

1983–84లో వచ్చిన 'లోర్నా'ను ప్రేక్షకుడే కథ నడిపించే తొలి ఇంటరాక్టివ్ లేజర్ డిస్కు (వీడియో నిల్వ చేసే పళ్లెం) కళాకృతిగా చరిత్రకారులు పేర్కొంటారు. ఇల్లు దాటి బయటికి రావడానికి భయపడే స్త్రీ, ఆమె గది, గదిలో టీవీ. టీవీ వార్తలు, ప్రకటనలు చూసే కొద్దీ ఆమె భయం పెరుగుతుంది. ఆమె గదిలో ఉన్న వస్తువులకు అంకెలుంటాయి. ప్రేక్షకుడు రిమోట్‌తో ఒక అంకె నొక్కితే ఆ వస్తువు వెనక ఉన్న కథ తెరుచుకుంటుంది. ముగింపులు మూడు: లోర్నా టీవీని తుపాకీతో పేల్చేస్తుంది, లేదా ఆత్మహత్య చేసుకుంటుంది, లేదా లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోతుంది. మూడోది మొదటి రెండింటికంటే ఎంత మెరుగో ప్రేక్షకుల చమత్కారానికే వదిలేశారు.

ఇది సాధ్యమవడానికి కారణం డిస్కు నిర్మాణంలో ఉంది. టేపు అయితే మొదటినుంచి చివరిదాకా తిప్పుకుంటూ పోవాలి. ఆనాటి లేజర్ డిస్కులో ఒక రకానికి ఒక్కో పక్క 54,000 ఫ్రేములు పట్టేవి, ప్రతి ఫ్రేముకూ సొంత అంకె ఉండేది. యంత్రానికి అంకె చెబితే నేరుగా అక్కడికి దూకుతుంది. సినిమా హాళ్లకు అక్కర్లేని ఈ సౌకర్యాన్ని లిన్ కథనానికి వాడుకున్నారు. లోర్నా నిస్సహాయురాలు, ఆమె రిమోట్ చూసేవాళ్ల చేతిలో ఉంది. ఆమెను కాపాడదామని మీట నొక్కినా, తమాషా కోసం నొక్కినా చేస్తున్నది ఆమె మీద పెత్తనమే.

తర్వాతి పనుల్లో ఈ పెత్తనం ప్రేక్షకుడి మీదికే తిరిగింది. 1990లలోని 'అమెరికాస్ ఫైనెస్ట్'లో ఎం-16 రైఫిల్ ట్రిగ్గర్ నొక్కినవాళ్లకు గురిలో తమ బొమ్మే కనిపిస్తుంది. అదే దశాబ్దం మధ్యలో వచ్చిన 'టిల్లీ', 'సైబ్‌రాబర్టా' బొమ్మల కళ్లలో కెమెరాలు పెట్టారు. ఇంటర్నెట్‌లో ఉన్నవాళ్లు బొమ్మ తల తిప్పుతూ గ్యాలరీలోని మనుషులను చూడొచ్చు. సైబ్‌రాబర్టాకు వేసినవి పాత రాబర్టా బట్టల్లాంటివే. ఇరవై ఏళ్ల క్రితం చాటునుంచి ఫొటోలు తీయించుకున్న స్త్రీ ఇప్పుడు చూసే యంత్రమైంది.

రూబీతో మాటలు

'ఏజెంట్ రూబీ' 1998లో మొదలై 2002కు పూర్తయిన వెబ్ పాత్ర. నటి టిల్డా స్విన్టన్ ముఖంతో కనిపిస్తుంది. ప్రశ్న టైపు చేస్తే జవాబిస్తుంది. అదే ఏడాది లిన్ తీసిన 'టెక్నోలస్ట్' సినిమాలో రూబీ ఒక పాత్ర. ఒక శాస్త్రవేత్త తన డీఎన్‌ఏతో సృష్టించుకున్న ముగ్గురు ప్రతిరూపాల్లో ఆమె ఒకరు. శాస్త్రవేత్తతో కలిపి నలుగురినీ స్విన్టనే పోషించారు.

ఇప్పటి చాట్‌బాట్‌లకూ రూబీకీ పోలిక తెస్తున్నవాళ్లు ఒక తేడాను దాటేస్తున్నారు. ఇప్పటివి అపారమైన పాఠ్యంలోంచి తర్వాతి మాట ఏది రావచ్చో లెక్కగట్టి వాక్యం అల్లుతాయి. రూబీది పాత పద్ధతి. ఫలానా తీరు వాక్యం వస్తే ఫలానా జవాబు అని ముందే రాసిపెట్టిన నియమాల సమాహారం. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఎలైజా ప్రోగ్రాం సంతతి అన్నమాట. కనుక కృత్రిమ మేధను లిన్ ముందే కనిపెట్టారనడం అతిశయోక్తి. ఆమె ముందే చూసింది మనుషుల తీరును. యంత్రం తెలివి తక్కువదైనా, దానికో ముఖం ఉంటే జనం మనసు విప్పుతారు.

దానికి సాక్ష్యం ఉంది. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియం పన్నెండేళ్ల పాటు రూబీతో జనం జరిపిన సంభాషణలను విషయాలవారీగా విడదీసి ప్రదర్శనకు పెట్టింది. తత్వం, కలలు, రాజకీయాలు, శృంగారం, డబ్బు ఇబ్బందులు అన్నీ అందులో ఉన్నాయి. రూబీ జవాబులు చాలావరకు అతకనివే. ఆసక్తి అంతా ప్రశ్నల్లో ఉంది. కృతిలో విలువైన భాగం కళాకారిణి రాసిన నియమాల నుంచి జనం వదిలిన ఆనవాళ్లకు మారింది. ఇప్పటి టెక్ కంపెనీల వ్యాపారం నడిచేదీ ఆ ఆనవాళ్ల మీదే.

పేరులోని అక్షరాలే అణువులు

2014లో మొదలైన 'ఇన్ఫినిటీ ఇంజిన్' ఒక జన్యు ప్రయోగశాల నమూనా. మెరిసేలా జన్యువు మార్చిన చేపలు, అవయవాల బయోప్రింటింగ్ (జీవకణాలతో ముద్రించడం), శాస్త్రవేత్తలతో ముఖాముఖిలు అందులో ఉన్నాయి. అందులోంచి మందుల కంపెనీ నోవార్టిస్ శాస్త్రవేత్త థామస్ హ్యూబర్‌తో కలిసి చేసిన యాంటీబాడీ, అంటే ఒంట్లో రోగకారకాలను పట్టుకునే ప్రొటీన్, వచ్చింది. ప్రొటీన్లలోని 20 అమైనో ఆమ్లాలకు శాస్త్రంలో ఒక్కో రోమన్ అక్షరం గుర్తుగా వాడతారు. లిన్ హర్ష్‌మన్ అన్న పేరులో ఉన్న అక్షరాలన్నీ ఆ జాబితాలో ఉండటంతో పేరే అణువుల వరస అయింది. రెండో యాంటీబాడీ పేరు 'ఎర్టా'. రాబర్టాలోని 'ఓ', 'బి' అక్షరాలు ఆ 20లో లేవు, కనుక ఎందుకు కుదించాల్సి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. యాభై ఏళ్ల క్రితం లైసెన్సు ఆఫీసు మారుమాట లేకుండా నమోదు చేసుకున్న పేరును రసాయనశాస్త్రం మాత్రం యథాతథంగా ఒప్పుకోలేదు.

1984 నుంచి కెమెరా ముందు తన జీవితం చెప్పుకుంటూ తీసిన 'ఎలక్ట్రానిక్ డైరీస్' తదితర పనుల సారాన్ని కృత్రిమ డీఎన్‌ఏలోకి కూడా ఎక్కించారు. చిన్న సీసాలో ద్రవరూపంలో ఉన్న ఆ నిల్వను 2018లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రదర్శించారు.

గుర్తింపు ఎందుకు ఆలస్యమైంది?

ఆడవాళ్లను పట్టించుకోలేదు అన్న జవాబు నిజమే. దాని చరిత్రను లిన్ స్వయంగా దశాబ్దాల ముఖాముఖిలతో నమోదు చేసి 2010లో డాక్యుమెంటరీ తీశారు. అయితే ఆ ఒక్క కారణంతో లెక్క సరిపోదు. ఆమె తర్వాతి తరానికి చెందిన సిండీ షెర్మన్ 1977–80 మధ్య రకరకాల స్త్రీల వేషాల్లో తనను తానే ఫొటోలు తీసుకున్నారు. ఆ వరసను న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 1995లోనే కొనుగోలు చేసింది. ఇద్దరూ స్త్రీలే, విషయమూ దగ్గరదే. షెర్మన్‌వి దాదాపు 70 నలుపు తెలుపు ఫొటోలు. వాటిని లెక్కపెట్టవచ్చు, ఫ్రేము కట్టవచ్చు, ధర కట్టవచ్చు, బీమా చేయవచ్చు. రాబర్టా అయితే అట్టపెట్టెల నిండా కాగితాలు. రూబీ ఒక సర్వర్. లోర్నా నడవాలంటే మార్కెట్లోంచి మాయమైన ప్లేయర్ కావాలి.

పైగా ఆమె ఉన్నది పశ్చిమ తీరంలో, అమెరికా కళా వ్యాపారం న్యూయార్క్‌లో. చివరికి పెద్ద ఎత్తున పూనుకున్నది అమెరికా సంస్థ కూడా కాదు. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మీడియా కళ కోసమే ఉన్న జెడ్‌కేఎం 2014లో ఆమె మొత్తం పనిని 'సివిక్ రాడార్' పేరుతో ప్రదర్శించింది. అప్పటిదాకా పెట్టెల్లో పడి ఉన్న ఊపిరి యంత్రాలు చాలామందికి మొదటిసారి కనిపించాయి. అలాంటి వస్తువులకు పద్దు ఉన్న సంస్థ ఒకటి దొరికింది, మిగతావి ఆ తర్వాత కదిలాయి.

ఆలస్యం వల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. ఇప్పుడు ఆమెను భవిష్యద్దర్శిగా చూపడం ఆనవాయితీ అయింది, దాంతో బలహీనమైన పనులు కూడా దీర్ఘదర్శనంగా చలామణీ అవుతున్నాయి. 2019 నాటి 'షాడో స్టాకర్'లో సందర్శకుడు ఈమెయిల్ చిరునామా ఇస్తే ఇంటర్నెట్‌లో దొరికే అతని వివరాలు నీడతో పాటు తెర మీదికి వస్తాయి. నేరాలను ముందే అంచనా వేస్తామనే పోలీసు సాఫ్ట్‌వేర్ మీద విమర్శ అది. చూసినవాళ్లు ఉలిక్కిపడతారు. కానీ 2019 నాటికి ఆ సంగతి వార్తాపత్రికల పాఠకులకు తెలియనిది కాదు. రాబర్టాలో ఉన్న నిజమైన ప్రమాదం, వేలు పెట్టి చూపలేని అసౌకర్యం అందులో లేవు.

నిల్వ సమస్య

లోర్నాను జెడ్‌కేఎం డీవీడీకి మార్చింది. ఆ డీవీడీ కూడా ఇప్పుడు పాతబడింది. లిన్ దాచిన కాగితాలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చేరాయి, వాటి ఆధారంగా 2007 ప్రాంతంలో డాంటే హోటల్‌ను సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో మళ్లీ కట్టారు. రూబీ సంగతి మరింత జటిలం. పాత ప్రోగ్రాం నడిచే సర్వర్లు తగ్గే కొద్దీ మ్యూజియం ఏదో ఒకటి తేల్చుకోవాలి. పాత యంత్రాన్ని అనుకరించే ఏర్పాటు చేసి అతకని జవాబులతో సహా రూబీని అలాగే ఉంచవచ్చు. లేదా చాట్‌జీపీటీ లాంటి కొత్త భాషా నమూనాతో కలిపి చక్కగా మాట్లాడించవచ్చు. మొదటిదైతే కొత్తగా వచ్చేవాళ్లు రెండు ప్రశ్నలు వేసి వెళ్లిపోతారు. రెండోదైతే సంభాషణ బాగుంటుంది కానీ మాట్లాడేది 2002 నాటి రూబీ కాదు, ఆ ముఖం పెట్టుకున్న మరొకరు. రాబర్టా చార్టు గీసి ఇతరుల చేతికిచ్చిన కళాకారిణి విషయంలో ఈ రెండో దారి తప్పు అని తేల్చి చెప్పడం మ్యూజియం సంరక్షకులకు అంత సులువు కాదు.